ఇల్లు ఓనరుది, సొమ్ము మనది

అద్దె ఇంట్లో దొంగలు పడితే ఓనరుకు పోయేది ఒక తాళం, మహా అయితే తలుపు చెక్క. బీరువాలో ఉన్నవన్నీ అద్దెకున్నవాళ్లవే. అయినా ఇంటి భద్రత మాట వచ్చేసరికి "మన సొంతిల్లా ఏమన్నానా, ఎన్నాళ్లుంటామో ఏమో" అని చేతులు దులుపుకునేది కూడా అద్దెకున్నవాళ్లే. నలభై వేల ఫోనుకి అయిదొందలు పెట్టి కవరు తొడిగించే మనిషి, ఇంట్లో పది తులాల బంగారం పెట్టుకుని, పాత కిరాయిదారు వాడి వదిలేసిన తాళంతోనే పదకొండు నెలలు నిశ్చింతగా గడిపేస్తాడు. అగ్రిమెంటు రెన్యువల్ అయితే ఇంకో పదకొండు.

పరాయి ఇంటికి ఖర్చు పెట్టడం దండగ అనుకుంటాం గానీ, ఆ ఖర్చు ఇంట్లో ఉన్న మన సొమ్ము కోసం. పైగా ఇక్కడ చెప్పబోయేవాటిలో చాలావరకు గోడకు చిల్లు పడనివి, ఇల్లు మారేటప్పుడు విప్పి వెంట తీసుకుపోగలిగేవి.

పని మొదలుపెట్టే ముందు దొంగ వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. వాడికి కావలసినవి రెండు. ఇంట్లో ఎవరూ లేరన్న కబురు ఒకటి, పెద్దగా చప్పుడు కాకుండా లోపలికి వెళ్లడానికి కొన్ని నిమిషాలు ఇంకొకటి. మొదటిది తెలియకుండానే మనం అందిస్తాం. రెండోది మన తలుపు ఇస్తుంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి కరువైనా వాడు ఇంకో ఇల్లు చూసుకుంటాడు.

పాలు పొంగించిన రోజే

ఓనరు రెండు తాళం చెవులు చేతిలో పెట్టి "ఇవేనండీ ఉన్నవి" అంటాడు. అబద్ధం చెప్పడం లేదు, ఆయనకు తెలిసినవి అవే. కానీ మీకు ముందున్న కుటుంబం పనమ్మాయికి ఒకటి చేయించి ఇచ్చి ఉండొచ్చు. అంతకుముందు బ్యాచిలర్లు నలుగురుంటే నలుగురి దగ్గరా ఒక్కొక్కటి ఉండి ఉంటుంది. ఇల్లు చూపించిన బ్రోకరు, రంగులు వేసినవాళ్లు, వాచ్‌మన్ గదిలో మేకుకు వేలాడే గుత్తి, ఇవన్నీ లెక్కలోకి రావు. కాబట్టి పాలు పొంగించిన రోజే చేయాల్సిన మొదటి పని తాళం మార్చడం.

హ్యాండిల్‌తో కలిసి ఉండే మోర్టైజ్ తాళమైతే మొత్తం మార్చనక్కర్లేదు, చెవి దూరే సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు. తలుపు తెరిచి దాని అంచు వైపు చూడండి. తాళం నాలుక బయటికొచ్చే చోట పొడవాటి లోహపు పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో, చెవి దూరే రంధ్రానికి సరిగ్గా అదే ఎత్తులో, ఒక స్క్రూ కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా విప్పి, చెవి పెట్టి కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ లాగండి. లోపలి రెక్క సిలిండర్ ఒంటితో సమానంగా వచ్చిన క్షణంలో మొత్తం జారి చేతిలోకి వస్తుంది. దాన్నే హార్డ్‌వేర్ షాపుకు పట్టుకెళ్లి అదే కొలతది అడగండి. 60 మిల్లీమీటర్లా, 70 మిల్లీమీటర్లా అన్నదే కాదు, స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా ఎంతెంత ఉందో కూడా కలవాలి. కొత్తది బిగించాక బయటి పలకను దాటి అది పొడుచుకు రాకూడదు. వేళ్లతో పట్టుకోవడానికి అందితే, పట్టుకారుకు ఇంకా బాగా అందుతుంది. పాత సిలిండర్‌ను చెవులతో సహా ఒక కవర్లో వేసి ఫ్లాట్ నంబరు రాసి దాచండి. ఖాళీ చేసే రోజు దాన్ని తిరిగి బిగించి, మీది మీరు తీసుకుపోవచ్చు.

పాత అపార్ట్‌మెంట్లలో ఇంకా ఆల్‌డ్రాపే ఎక్కువ. అంటే తలుపు మీద అడ్డంగా జరిగే లావుపాటి కడ్డీ, దానికి తాళం కప్ప. ఇక్కడ జనం డబ్బంతా కప్ప మీద పెడతారు. అరచేయంత కప్ప కొంటారు. దాన్ని పట్టుకుని ఉన్నవి మాత్రం ముప్పావు అంగుళం స్క్రూలు, అవీ పదేళ్ల కిందట బిగించినవి. తాళం పగలగొట్టారని పేపర్లు రాస్తాయి గానీ చాలాసార్లు కప్పకు ఏమీ కాదు. సందులో ఇనుప రాడ్డు పెట్టి ఒక పోటు పొడిస్తే కొండీ స్క్రూలతో సహా ఊడి వస్తుంది. కార్పెంటర్ని పిలిచి ఆ స్క్రూల స్థానంలో తలుపుకు ఈ వైపు నుంచి ఆ వైపుకు దూసుకుపోయేలా బోల్టులు వేయించండి. బయట నున్నటి గుండ్రటి తల, లోపల నట్టు ఉండాలి. అప్పుడు బయటి నుంచి విప్పడానికి పట్టు దొరకదు.

అదే కార్పెంటరుతో ఇంకో చిన్న పని చేయించండి. తాళం నాలుక వెళ్లి కూర్చునే రేకు ద్వారబంధానికి ఉంటుంది. దానికీ సాధారణంగా పొట్టి స్క్రూలే ఉంటాయి. తలుపును భుజంతో గట్టిగా తోస్తే ముందు ఊడేది ఆ రేకే. మన ద్వారబంధాలు రెండున్నర, మూడు అంగుళాల మందం ఉన్న చెక్కవి కాబట్టి రెండంగుళాల స్క్రూలు హాయిగా పడతాయి. ముందు సన్నటి రంధ్రం వేయమనండి, లేకపోతే పాత చెక్క చీలుతుంది. ఇంత తక్కువ డబ్బుతో ఇంత గట్టి ఫలితమిచ్చే పని ఈ అధ్యాయం మొత్తంలో ఇంకొకటి లేదు.

ఓనరుకు చెప్పాలా? చెప్పాలి. నోటిమాటగా వద్దు, ఒక మెసేజ్ పెట్టండి. "సెక్యూరిటీ కోసం సిలిండర్ మారుస్తున్నాం అండీ, పాతది దాచి ఉంచాం, ఖాళీ చేసేటప్పుడు బిగించి ఇస్తాం" అంటే కాదనే ఓనర్లు తక్కువ. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఏ మరమ్మతు ఎవరిదో చెప్పే జాబితా ఉంది. తలుపుల తాళాలు, నాబ్‌లు మార్చడం అందులో అద్దెకున్నవాళ్ల వంతు కిందే పెట్టారు. రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప అది మన మీద అమలయ్యేది కాదు, కానీ మాట్లాడుకోవడానికి ఒక ఆధారం. బయట ఇనుప గ్రిల్ తలుపు పెట్టించడం మాత్రం వేరే సంగతి. అది ఇంటికి శాశ్వతంగా ఉండిపోతుంది, ఖర్చు ఓనరు పెట్టడమే న్యాయం. ఒప్పుకోకపోతే సగం సగం అనండి, ముందు మీరే పెట్టి ఆయన సగాన్ని అద్దెలో నెలనెలా తగ్గించుకునేలా అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించుకోండి. డిజిటల్ తాళాల మోజు ఉంటే తలుపు కోయాల్సి వస్తుందని గుర్తుపెట్టుకుని, ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి.

మిగిలిన దారులు

తలుపు తర్వాత చూడాల్సింది బాత్‌రూమ్ వెంటిలేటరు. అద్దం పలకలు మెట్లు మెట్లుగా పేర్చి ఉన్నదైతే, ఆ పలకలు ఒక్కొక్కటే జారి ఊడి వస్తాయి, చప్పుడు కూడా కాదు. సన్నటి మనిషి దూరడానికి ఆ సందు చాలు. దానికి గ్రిల్ లేకపోతే అడిగి పెట్టించుకోండి. ఈలోపు పలకల చివర్లలో సిలికాన్ అంటిస్తే లాగడానికి అంత సులువుగా రావు. జరిపే కిటికీలు, బాల్కనీ తలుపులకు రెండు బలహీనతలు. గొళ్లెం తేలిగ్గా వదులవుతుంది, తలుపును పైకి ఎత్తితే పట్టాలోంచి బయటికి వచ్చేస్తుంది. మూసినప్పుడు కింది పట్టాలో మిగిలిన ఖాళీకి సరిపడా ఒక కర్రముక్క కోసి పడేయండి. జరగదు. పై పట్టాలో ఒక చిన్న స్క్రూ దిగేస్తే ఎత్తడానికీ వీలుండదు.

మొదటి అంతస్తు వాళ్లు ప్రహరీ గోడను, పార్కింగ్ రేకులను చూసుకోవాలి. చివరి అంతస్తు వాళ్లు టెర్రస్ తలుపుకు రాత్రి తాళం పడుతుందో లేదో అడగాలి. నడిమి అంతస్తుల వాళ్లు డ్రైనేజీ పైపులు బాల్కనీకి ఎంత దగ్గరగా వెళ్తున్నాయో ఒకసారి వంగి చూడాలి.

ఒక హెచ్చరిక. భయం కొద్దీ ప్రతి కిటికీకీ కదలని గ్రిల్ బిగించేయకండి. మంటలు లేచినప్పుడు మెట్ల వైపు పొగ నిండితే మీరు బయటపడాల్సిన దారి బాల్కనీనే కావచ్చు. కనీసం ఒక గ్రిల్‌కు లోపలి నుంచి తెరుచుకునే భాగం ఉండాలి. దాని తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలియాలి.

ఖాళీ అన్న కబురు

బయట వేలాడే కప్ప అన్నిటికన్నా పెద్ద కబురు. లిఫ్టు దిగి నడుచుకుంటూ వెళ్లేవాడికి కూడా కనిపిస్తుంది. కరపత్రాలు పంచేవాడిలా, చీపుర్లు అమ్మేవాడిలా పగలు వచ్చి చూసి, రాత్రికి తిరిగి రావడం పాత పద్ధతే. అందుకే లోపలే పడిపోయే తాళం మేలు. ఇంట్లో మనుషులున్నారో లేరో బయటికి తెలియదు. ఆల్‌డ్రాప్ తప్ప వేరే దారి లేకపోతే గ్రిల్ తలుపు లోపలి వైపు ఒక కర్టెన్ వేలాడదీసి కప్ప కనిపించకుండా చేయండి.

రెండో కబురు గుమ్మం చెబుతుంది. రోజూ ముగ్గు పడే గడపలో మూడు రోజులు ముగ్గు లేదు. గ్రిల్‌కు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్లు రెండు అలాగే ఉన్నాయి. తలుపు సందులో దూర్చిన పిజ్జా కరపత్రం నిన్నటి నుంచి కదల్లేదు. చెత్త డబ్బా బయటికి రాలేదు. పగటి పూట కూడా కారిడార్ బల్బు వెలుగుతూనే ఉంది. మీరు రాత్రి చీకటిగా ఉండకూడదని వేసి వెళ్లిన ఆ బల్బే పగలు మిమ్మల్ని పట్టిస్తుంది. టైమర్ ఉన్న ప్లగ్గో, ఫోన్‌తో ఆర్పి వెలిగించే బల్బో హాల్లో పెట్టుకుంటే ఈ సమస్య ఉండదు. పాలు, పేపరు ఆపేయండి. పాత చెప్పుల జత ఒకటి స్టాండులో వదిలేయండి.

వాట్సాప్ స్టేటస్ సంగతి అందరూ చెప్పేదే. చెప్పినా ఎవరూ మానరు కాబట్టి ఒక రాజీ సూచిస్తాను. అరకు ఫొటోలు అరకులో ఉండగా పెట్టకండి, ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కుంటూ పెట్టుకోండి. లైకులేం తగ్గవు.

ఈ కబుర్లన్నిటినీ మూసిపెట్టగలిగిన మనిషి ఒకరున్నారు, ఎదురు ఫ్లాటావిడ. సొంత ఫ్లాటు వాళ్లు అసోసియేషన్ మీటింగుల్లో కలుసుకుంటారు, వాళ్లకు ఆ పరిచయం దానంతటదే వస్తుంది. అద్దెకున్నవాళ్లను మీటింగుకు పిలవరు, వీళ్లూ వెళ్లరు. ఫలితంగా రెండేళ్లున్నా ఎదురింటివాళ్ల ఫోన్ నంబరు ఉండదు. దిగిన వారంలోనే వెళ్లి పరిచయం చేసుకోండి. "పిన్నిగారూ, శనాదివారాలు ఊరెళ్తున్నాం, గుమ్మం ముందు ఏమన్నా పడితే కాస్త తీసి పెట్టండి" అని అడగగలిగే చనువు ఏ కెమెరాకీ తీసిపోదు. రేపు ఆవిడ ఊరెళ్లినప్పుడు మీరూ అంతే చేయాలి.

పక్కింటివాళ్లు ఎంత ముఖ్యమో దొంగలకూ తెలుసు. ఒక ఫ్లాటు తాళం తీసే ముందు అదే అంతస్తులో మిగిలిన తలుపులన్నిటికీ బయటి నుంచి గడియ పెట్టేయడం వాళ్ల అలవాటు. అలికిడికి లేచినా ఎవరూ బయటికి రాలేరు. మీ తలుపుకు బయట వాడకంలో లేని గడియ ఉంటే తీయించేయండి. ఎప్పుడైనా అర్ధరాత్రి తలుపు బయటి నుంచి పెట్టి ఉందని తెలిస్తే బాదుతూ కూర్చోకుండా 112కి ఫోన్ చేయండి, ఆ వెంటనే పై అంతస్తు వాళ్లకు.

టు-లెట్ బోర్డు పెట్టాక

సొంతింటివాళ్లకు ఎప్పుడూ ఎదురుకానిది, అద్దెకున్నవాళ్లకు మాత్రమే వచ్చే ప్రమాదకాలం ఇది. ఖాళీ చేస్తామని చెప్పగానే గేటుకు బోర్డు వేలాడుతుంది. ఇక నెల రోజులు ఎవరెవరో వచ్చి పడకగది చూస్తారు, కప్‌బోర్డు తెరుస్తారు, "వాష్ ఏరియా ఎటండీ" అంటూ వెనక తలుపు గడియ కదిలిస్తారు. వచ్చినవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది ఇల్లు కావలసినవాళ్లే. మిగిలిన ఒక్కడి కోసం కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. ముందు ఫోన్ చేసి, పేరు చెప్పి, మీరు పెట్టిన వేళకే రావాలి. వెంట ఓనరో, వాచ్‌మనో ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లో పెద్దవాళ్లో ఒంటరిగా ఉన్న సమయంలో కుదరదు. ఎవరు అడిగినా "ఆఫీసు నుంచి ఎన్నింటికి వస్తారు, ఊరెప్పుడెళ్తున్నారు" అన్న ప్రశ్నలకు నవ్వి ఊరుకోండి. బంగారం ఆ నెలంతా ఇంట్లో ఉండకపోతే మరీ మంచిది.

సామాను మార్చే రోజు నగలు, సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ మీ చేతి సంచిలోనే ఉండాలి, లారీలో కాదు. కొత్త ఇంట్లో దిగాక టీవీ అట్టపెట్టెను అలాగే మెట్ల కింద పెట్టకండి. లోపల యాభై అయిదు అంగుళాల టీవీ ఉందని అందరికీ చాటింపు వేసినట్టే. చింపి, మడిచి, చెత్త ఆటోలో వేయండి.

వాచ్‌మన్ గురించి, పనివాళ్ల గురించి రెండు మాటలే. ఫలానా ప్రాంతం వాళ్లను పెట్టుకోకూడదన్న మాట అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఆధార్ కాపీ, ఫొటో, ఇంతకుముందు పనిచేసిన ఇంటివాళ్ల నంబరు తీసుకోవడానికి బద్ధకించేవాళ్లు చెప్పుకునే మాట అది. ఆ మూడూ తీసుకోండి, పాత ఇంటికి నిజంగానే ఫోన్ చేసి కనుక్కోండి. చెవి మాత్రం ఎవరికీ వదిలి వెళ్లకండి. చెప్పుల స్టాండులో, కరెంటు మీటరు పెట్టెలో, తులసి కుండీ కింద అసలే వద్దు. మీకు తట్టిన చోటు దొంగకీ తడుతుంది.

బంగారం, బీరువా, బ్యాంకు

బీరువా తాళం చెవి ఎక్కడుంటుంది? బీరువా పైన, పరుపు కింద, చీరల మడతల్లో, దేవుడి గదిలో. దొంగ కూడా ఈ వరుసలోనే వెతుకుతాడు. దొరక్కపోతే రాడ్డుతో బీరువా తలుపు వంచుతాడు, దానికి పెద్ద బలం అక్కర్లేదు. అందువల్ల బీరువా బట్టలకే.

రోజూ వేసుకోని నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. అక్కడ కూడా ఒక సంగతి తెలిసి ఉండాలి. రిజర్వు బ్యాంకు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల వరకే. ఏడాదికి మూడు వేలు కట్టే లాకరైతే మూడు లక్షలు. ఇంట్లో పోతే ఆ మాత్రం బాధ్యత పడేవాళ్లు కూడా లేరనుకోండి.

నగలన్నీ ఒక ఆదివారం మంచం మీద పరిచి ఫొటోలు తీయండి. ఈమధ్య కొన్నవాటి మీద హాల్‌మార్కు పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది, హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ కోడ్ లేకుండా హాల్‌మార్కు నగ అమ్మడానికి లేదు. భూతద్దం పెట్టి ఆ కోడ్లు రాసుకోండి, బిల్లులతో కలిపి మెయిల్లో మీకు మీరే పంపుకోండి. ఫోన్ల ఐఎంఈఐ నంబర్లు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు కూడా అందులోనే. రికవరీ అయిన సొత్తులో మీ గొలుసు మీదేనని చెప్పుకోవడానికి "మా అత్తగారు పెట్టిందండీ" అన్న మాట చాలదు.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి హైదరాబాదు కాలనీలు ఖాళీ అవుతాయి. ఆ వారం ఎవరు ఎటు వెళ్తారో దొంగలకు క్యాలెండరు చెబుతుంది. ప్రతి పండక్కీ పోలీసులు "ఊరెళ్తుంటే స్టేషన్లో చెప్పి వెళ్లండి" అంటారు. వినేవాళ్లు తక్కువ. చెబితే మీ వీధి రాత్రి గస్తీ లెక్కలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల 'లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్' ఉంది. యాప్‌లో నమోదై, వెళ్లే తేదీలు చెబితే పోలీసులే వచ్చి ఇంట్లో కదలికలు పసిగట్టే కెమెరా పెడతారు, డబ్బు తీసుకోరు. మీ ఊళ్లో అది ఎలా నడుస్తోందో స్టేషన్లో అడిగి తెలుసుకోండి.

సొంతంగా కెమెరా కొంటే గోడకు అంటించేదో, షెల్ఫు మీద నిలబెట్టేదో సరిపోతుంది. గుమ్మం వైపు చూసేలా లోపల పెట్టండి. కారిడార్లో పెడితే ఎదురింటి తలుపు కూడా అందులో పడుతుంది, వాళ్లను అడగకుండా పెట్టకండి. కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే కెమెరా ఉన్నా మీ ఫోనుకు కబురు రాదు. రూటరుకు చిన్న యూపీఎస్ తగిలించండి. నా మటుకు కెమెరా రెండో విడత ఖర్చు, మొదటి విడత తలుపుదే. తలుపు తెరవగానే కూత పెట్టే మ్యాగ్నెట్ అలారం కెమెరా కన్నా చవక, రెండు వైపులా అంటుకునే టేపుతో పట్టుకుంటుంది. అర్ధరాత్రి ఆ కూతకు అంతస్తంతా లేస్తుంది.

జరగరానిది జరిగితే

తిరిగొచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంటే లోపలికి పరుగెత్తకండి. వాళ్లింకా లోపలే ఉండొచ్చు. కిందికి దిగి 112కి చేయండి, వాచ్‌మన్ని, పొరుగువాళ్లను పిలవండి. పోలీసులు వచ్చాక కూడా క్లూస్ టీమ్ పని అయ్యేదాకా బీరువా తలుపు, చెల్లాచెదురైన బట్టలు, గ్లాసులు ముట్టుకోవద్దు. బంధువులంతా వచ్చి తలా ఒక వస్తువూ ఎత్తి చూస్తే దొరికే వేలిముద్రలన్నీ మనవే అవుతాయి.

బ్యాంకు కార్డులు పోయి ఉంటే అక్కడి నుంచే బ్లాక్ చేయించండి. ఫోన్ పోతే ఎఫ్‌ఐఆర్ వచ్చాక సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాకింగుకు పెట్టండి. ఫిర్యాదులో పోయినవన్నీ ఒకేసారి, బరువులతో సహా రాయండి. తర్వాత గుర్తొచ్చినవి ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు నడుస్తున్నాయి కాబట్టి ఎఫ్‌ఐఆర్లో భారతీయ న్యాయ సంహిత 305, 331 సెక్షన్లు కనిపిస్తాయి. మొదటిది ఇంట్లో దొంగతనానికి, రెండోది ఇల్లు పగలగొట్టి చొరబడినందుకు. "మా పరిధి కాదు" అన్న మాటతో వెనక్కి రావక్కర్లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా నమోదు చేయాలి. కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.

బీమా ఉంటే అదే రోజు కంపెనీకి చెప్పండి. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒకటుంది. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీని అద్దెకున్నవాళ్లు కేవలం సామాను మీద తీసుకోవచ్చు. కానీ దాని మూల పాలసీ అగ్నిప్రమాదం, వరద వంటివాటికి. అలాంటిది జరిగిన ఏడు రోజుల్లోపు, దాని వల్లే దొంగతనం జరిగితే తప్ప చోరీకి అందులో చోటు లేదు. దొంగతనానికి విడిగా బర్గ్‌లరీ కవరు జోడించుకోవాలి, నగలు విడిగా ప్రకటించాలి. నెల రోజులకు పైగా తాళం పడి ఉంటే ముందే తెలపాలన్న షరతు ఉందేమో కూడా చదవండి. బర్గ్‌లరీ కవరులో సాధారణంగా బలవంతంగా చొరబడిన ఆనవాళ్లు అడుగుతారు. కుండీ కింద పెట్టిన చెవితో దర్జాగా తెరుచుకుని వెళ్లుంటే అక్కడే పేచీ వస్తుంది. అందుకని కార్పెంటరు కొత్త తాళం బిగించడానికి ముందే విరిగిన తాళాన్ని, చీలిన ద్వారబంధాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పోలీసులు తీసుకుపోగా మిగిలిన ముక్కలను చెత్తలో వేయకుండా సర్వేయరు వచ్చేదాకా ఒక సంచిలో కట్టి ఉంచండి.